ఓడినవాళ్ళ బస్సు

బస్సులో చిప్స్ పొట్లం విప్పేటప్పుడు పుట్టే చప్పుడు నాగరికతకు శత్రువు. ఈ సిద్ధాంతాన్ని ఏ పండిత పరిషత్తూ ఇంతవరకు ఆమోదించలేదు. అయినా నెబ్రాస్కాలోని ద్వోరెక్ అనే ఊళ్ళో, సెయింట్ ప్రోకాప్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును ముప్పై ఒక్క శరత్తులుగా ఏలుతున్న మైలో వానెక్ దాన్ని ఏనాడో నిర్ధారించి, అమలులో పెట్టాడు కూడా. జట్టు పరాయి ఊళ్ళో ఓడిపోతే, తిరుగు ప్రయాణంలో ఎవరూ పొట్లం విప్పకూడదు. ఫోను తీయకూడదు. చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, మాట్లాడకూడదు. బస్సు తలుపు మూసుకున్న క్షణం మొదలుకొని ద్వోరెక్ ధాన్యపు గాదెల తెల్లని శిఖరాలు కంటబడేదాకా, అది రెండు గంటలు గానీ ఐదు గంటలు గానీ, నలభై ఎనిమిదిమంది ఆటగాళ్ళు, ముగ్గురు సహాయ కోచ్‌లు, కట్లు కట్టే నర్సు, స్వతహాగా గలగలలాడే నీళ్ళ డబ్బాలు సహితం మౌనం వహించవలసిందే.

గెలిచిన రోజున ఎలా ప్రవర్తించాలో ఆయన ఏ శాసనమూ చేయలేదు. చేయవలసినంత తరచుగా ఆ అవసరం రాలేదు.

ఒకప్పుడు ఈ ఏలికకు ఇంకా విశాలమైన రాజ్యం ఉండేది. ఆగస్టు ఎండలో సాధన జరుగుతుండగా నీళ్ళు తాగడం పిరికితనమన్నది ఆయన గురువులనుంచి వచ్చిన వారసత్వం. కొలువుకు వచ్చిన నాలుగో ఏట ఒక వైద్యుడు వచ్చి వడదెబ్బ గురించి గంటసేపు మాట్లాడి వెళ్ళాడు. వానెక్ చివరిదాకా విన్నాడు. మర్నాడు తానే భుజాన తోటకు నీళ్ళు పట్టే గొట్టం వేసుకుని మైదానానికి వచ్చాడు. ఆ తర్వాత ఆ విషయమై ఎవరైనా పరిహాసంగా మాట్లాడబోతే అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయేవాడు. ఆ ప్రాంతాన్ని ఆయన స్వచ్ఛందంగా విడిచిపెట్టాడు. తక్కినవి ఒక్కొక్కటిగా ఊడలాగబడ్డాయి. బల్లపరుపుగా ఉన్న ఆ జిల్లాలో దేవుడు ప్రత్యేకంగా తన కోసమే పెట్టాడని ఆయన నమ్మిన ఏకైక గుట్ట మీదికి కుర్రాళ్ళను పొద్దున్నే ఐదింటికి నాలుగు కాళ్ళ మీద పాకించే విద్యను బీమావాళ్ళు ఆపించారు. హెల్మెట్ ముందరి కడ్డీని గుప్పిట పట్టి, ముఖాన్ని ముఖం దగ్గరకు లాక్కుని చేసే హితబోధను ఒక రెండు పేజీల ఉత్తరువు అంతం చేసింది. జుట్టు పొడవు గురించిన నియమం ఒక న్యాయవాది ఫోనుతో పోయింది. సోమవారంనాడు అందరి ఎదుటా తెర మీద ఒక్కొక్కడి పొరపాటునూ పదకొండేసి సార్లు తిప్పి చూపించే ఘట్టం కూడా పోయి, ఇప్పుడు ఎవడి తప్పు వాడి ఫోనుకే ప్రోత్సాహ వాక్యాలతో సహా చేరుతోంది.

ప్రతి పర్యాయమూ చక్రవర్తి సంధిపత్రం మీద సంతకం పెట్టి, ఇంటికి వెళ్ళి, భార్య బెర్నడైన్ కాచిన బంగాళాదుంపల సూపు రెండు గిన్నెలు తాగి ఊరుకున్నాడు. నిజానికి కొన్ని ప్రాంతాలు చేజారినందుకు ఆయనకు లోలోపల సుఖంగానే ఉండేది. కుర్రాళ్ళు ఐదింటికి గుట్ట ఎక్కాలంటే ఆయన నాలుగింటికి లేవవలసి వచ్చేది. కాని బస్సు సంగతి వేరు. బస్సు ఆయన ఆఖరి కోట.

ఆ కోట గోడకు సెప్టెంబరులో బీట పడింది. ఎల్బర్ట్ అనే ఊళ్ళో ఆట ఆఖరి నిమిషంలో బంతిని రెండు గోలు కర్రల మధ్యకు తన్నితే గెలుపు. తన్నవలసినవాడు ఈస్టన్ ప్రుయిట్, కాలేజీలో చేరి నాలుగు వారాలైన పిల్లవాడు. బంతి కర్రల మధ్యకు తప్ప తక్కిన అన్ని దిక్కులకూ పోవడానికి సిద్ధపడి, చివరకు ఎడమ దిక్కును ఎన్నుకున్నది. తిరుగు ప్రయాణం రెండు గంటల నలభై నిమిషాలు. నియమం యథావిధిగా నడిచింది. వారం తిరగకుండా పిల్లవాడి తల్లి, ఒమహాలో నర్సు, కాలేజీ అధ్యక్షుడికి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. అందులో తిట్లు లేవు. అదే దాని బలం. దాదాపు మూడు గంటలసేపు యాభైమంది మధ్య కూర్చున్న తన కొడుకుతో ఒక్కరైనా ‘పోనీలేరా’ అనలేదనీ, అలా అనడం తప్పని నేర్పే చోటును కాలేజీ అనవచ్చునా అనీ ఆమె అడిగింది.

ఆ ఉత్తరం పట్టుకుని వానెక్ గదికి వచ్చినవాడు కర్టిస్ లిండ్‌గ్రెన్. అతను ఇప్పుడు కాలేజీ క్రీడలన్నిటికీ అధికారి, అంటే వానెక్‌కు పైవాడు. పాతికేళ్ళ కిందట ఇదే జట్టులో ఆడినవాడు, హెల్మెట్ కడ్డీ ద్వారా హితబోధ పొందినవారిలో అగ్రగణ్యుడు. అతను లోపలికి వచ్చి నిలబడ్డాడు.

“కూర్చోవయ్యా,” అన్నాడు వానెక్. “నా జీతం కాయితం మీద సంతకం పెట్టేది నువ్వే కదా.”

“అలవాటు, కోచ్,” అని, కుర్చీ అంచున కూర్చుని, లిండ్‌గ్రెన్ వచ్చిన పని చెప్పాడు. అధ్యక్షుడు నిషేధించనూ లేదు, సమర్థించనూ లేదు. విద్యార్థుల సంక్షేమం చూడడానికి మినియాపోలిస్ నుంచి కొత్తగా వచ్చిన డీన్, డాక్టర్ ప్యాట్రిస్ ఎంబ్రీ, జట్టుతోపాటు బస్సులో ప్రయాణించి, ఆ మౌనాన్ని కళ్ళారా చూసి, నివేదిక రాస్తుంది. ఆమె ఏమంటే అదే ఖాయం.

వానెక్ కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. సామ్రాజ్యాలు కూలే వేళ చక్రవర్తులు సాధారణంగా అటే చూస్తారు.

“అయితే విను. ఆ బస్సులో మాట్లాడండని కాలేజీ చెప్పిన రోజున, మొదటి మాట ఎక్కడ వినబడితే అక్కడే నేను దిగిపోతాను. మొక్కజొన్న చేనైనా సరే.”

“దిగి ఎక్కడికెళ్తారు, కోచ్?”

ఆ ప్రశ్న వేయకుండా ఉంటే బాగుండేది. వానెక్‌కు అరవై ఎనిమిదేళ్ళు. దిగితే వెళ్ళడానికి ఇల్లుంది, ఇంట్లో బెర్నడైన్ ఉంది, వెనక దోసకాయల పాదులున్నాయి. ఇవన్నీ కలిపి చూసుకున్నా సంవత్సరంలో ఆరు వారాలకంటే నిండవు. తక్కిన వారాలన్నీ ఆయనకు మైదానం అంచున సున్నపు గీత పక్కనే ఉన్నాయి. దిగాలని ఆయనకు ఏ కోశానా లేదు. కాని మాట నోరు దాటింది, అదీ తన కింద ఆడినవాడి ఎదుట. ముప్పై ఒక్క ఏళ్ళుగా ‘అన్నమాట మీద నిలబడండ్రా’ అని అరిచిన మనిషికి ఇప్పుడు నిలబడవలసిన చోటు మొక్కజొన్న చేను అయ్యేట్టుంది.

డాక్టర్ ఎంబ్రీ వచ్చే రోజున ఆయన ఒక శత్రువు కోసం సిద్ధమయ్యాడు. పొడవాటి మనిషి, పొడవాటి ప్రశ్నలు, మెడలో ఏదో ఒక చీటీ. వచ్చినామె పొట్టిది, నెరసిన జుట్టును కుర్రాళ్ళకంటే కురచగా కత్తిరించుకున్నది. చంకలో సొంత దిండు, చేతిలో కాఫీ ఫ్లాస్కు. డ్రైవర్ డ్వేన్‌ను పేరు అడిగి తెలుసుకుని, ఏ సీటులో కూర్చుంటే నడుం పట్టదో విచారించి, పద్నాలుగో వరుసలో స్థిరపడింది. ఇంత అనుభవమున్న ప్రత్యర్థిని వానెక్ చాలాకాలంగా చూడలేదు.

ఆ శనివారం జట్టు గెలిచింది.

ఓడినవాళ్ళ మౌనాన్ని పరిశీలించడానికి వచ్చినామె నలభై ఎనిమిదిమంది గెలిచినవాళ్ళ పాటల మధ్య రెండు గంటలు కూర్చుని, పుస్తకంలో ‘పరిశీలనకు అవకాశం కలగలేదు’ అని రాసుకున్నది. పై వారం ఇంటి మైదానంలో ఆట, దానికి బస్సు లేదు. ఆ పై శనివారం పరాయి ఊళ్ళో మళ్ళీ గెలిచారు. ‘పరిశీలనకు అవకాశం కలగలేదు.’ ద్వోరెక్ ఊరు ఈ పరిణామాన్ని నమ్మడానికి కొంత సమయం తీసుకుని, నమ్మిన తర్వాత అదుపు తప్పింది. బేకరీ కిటికీ మీద తెల్లరంగుతో జట్టు పేరు రాశారు. ఫాదర్ ష్టెపాన్ ఆదివారం ప్రసంగంలో సహనానికి ఫలితం గురించి మాట్లాడుతూ మూడోవరుస వైపు రెండుసార్లు చూశాడు. మూడోవరుసలో వానెక్ తల వాల్చి ఉన్నాడు, ప్రార్థనలో కాబోలు.

ఎందుకంటే విజయం ఆయనను ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు. గెలిచిన ప్రతిసారీ తీర్పు మరో రెండు వారాలు వాయిదా పడుతున్నది. ఉరికంబం ఎక్కించి, తాడు కొత్తది తెస్తామని మళ్ళీ దింపినట్టు ఉంది. పైగా గెలిచిన బస్సు ఆయనకు ఒంటికి పడలేదు. తలనొప్పి, కళ్ళు ఎర్రబడడం, ఆదివారమంతా సోఫాలో కూలబడడం. “గెలవడం నీకు పడట్లేదు మైలో,” అన్నది బెర్నడైన్, నుదుటి మీద చెయ్యి వేసి చూసి. “ఇదివరకు ఎంత చక్కగా తిరిగొచ్చేవాడివి.”

మూడో ప్రయాణం నాటికి ఆయన తన అంతరాత్మను విచారణకు పిలవవలసి వచ్చింది. నేను ఓడిపోవాలని కోరుకుంటున్నానా? కోరుకోవడం లేదు. మరి ఓడిపోకూడదని గట్టిగా కోరుకుంటున్నానా? ఈ ప్రశ్నకు అంతరాత్మ కాస్త ఆలస్యంగా జవాబిచ్చింది. ఆ రోజు రెండు పాయింట్ల ఆధిక్యం, రెండు నిమిషాల ఆట మిగిలి ఉంది, ఒక్క గజం ముందుకు వెళ్ళగలిగితే బంతి తమ చేతిలోనే ఉంటుంది, అది చాలు. ఈ కాలపు కోచ్ ఎవడైనా ఆ గజం కోసం తెగిస్తాడు. వానెక్ తన గురువులు చేసినట్టే బంతిని దూరంగా తన్నించి, అవతలివాళ్ళ చేతికి అప్పగించాడు. సహాయ కోచ్‌లు ముఖాలు చూసుకున్నారు. అందుకున్న అవతలి ఆటగాడు చరిత్ర పట్ల బొత్తిగా బాధ్యత లేనివాడిలా దాన్ని జారవిడిచాడు. మీద పడి పట్టుకున్నది సెయింట్ ప్రోకాప్ కుర్రవాడే. మళ్ళీ గెలుపు.

బస్సు ఎక్కబోతూ డాక్టర్ ఎంబ్రీ మెట్టు దగ్గర ఆగింది. ఈమధ్య ఆమె దిండు కూడా అలిసిపోయినట్టు కనిపిస్తున్నది.

“కోచ్, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు ఎప్పుడు ఓడిపోదామనుకుంటున్నారు?”

“మామూలుగా అయితే ఈపాటికి అయిపోయేది, మేడమ్,” అన్నాడు వానెక్, నిజాయితీగా.

అక్టోబరు ఆఖరి శనివారం వాళ్ళు కాన్సస్‌లోని టర్నర్ స్ప్రింగ్స్‌కు వెళ్ళారు. మూడు గంటల దూరం, మధ్యాహ్నం పన్నెండింటికి ఆట. చివరి నిమిషం దాకా ఏడు పాయింట్లు వెనకబడి, ఆఖరి క్షణాల్లో ఆరు సంపాదించి, మిగిలిన ఒక్కదాని కోసం ఈస్టన్ ప్రుయిట్‌ను పంపారు. ఇది వాడు నిద్రలో లేపినా తన్నగల దూరం. బంతి కుడి కర్రను తాకి, ఒక్క క్షణం గాలిలో ఆలోచించి, బయటికి పడింది. పదిహేడు, పదహారు. ఓటమి.

మైదానం నుంచి బస్సు దాకా నూరు అడుగులుంటాయి. ఆ నూరు అడుగుల్లో వానెక్ జేబులో ఫోను రెండుసార్లు అదిరింది. లిండ్‌గ్రెన్ సందేశం పంపాడు: ఆ పిల్లవాడితో ఎక్కేముందు డీన్ వినేట్టు ఒక్క మంచి మాట అనండి, అంతా సర్దుకుంటుంది, మీ కాళ్ళు పట్టుకుంటాను. సలహా తెలివైనది. ఆ ఒక్క మాటతో నివేదిక గట్టెక్కుతుంది, మొక్కజొన్న చేను తప్పుతుంది. వానెక్ మెట్టు పక్కన నిలబడ్డాడు. కుర్రాళ్ళు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఈస్టన్ అందరికంటే వెనక వచ్చాడు, హెల్మెట్ ఇంకా తీయలేదు. ముఖం కనిపించకూడదని కాబోలు. డాక్టర్ ఎంబ్రీ రెండడుగుల దూరంలోనే ఉంది. ఆయన నోరు తెరిచాడు.

నోరు తెరిచి, పిల్లవాణ్ణి చూసి, మూసేశాడు. చూపించుకోవడం కోసం అనే మాట ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. పక్కకు తప్పుకుని, తల మీది టోపీ తీసి, వాణ్ణి ఎక్కనిచ్చాడు. జట్టులో ఎవరికీ ఇంతకుముందు దక్కని మర్యాద అది. తర్వాత తాను ఎక్కి, డ్రైవర్ వెనక మొదటి సీటులో కూర్చున్నాడు. తలుపు మూసుకుంది.

మౌనం మొదలైంది. వానెక్ తన వంతు విధిగా ఆటను మొదటి నుంచీ మననం చేసుకోవడం ఆరంభించాడు: మొదటి ఎత్తు, ఎడమవైపుకు మూడు గజాలు, రెండో ఎత్తు, ఎడమవైపుకే... రెండో ఎత్తు దగ్గర ఆయన ఎప్పుడూ కొంత లోతుగా వెళ్తాడు. తల ఎత్తేసరికి ఎదుట సాయంకాలపు ఎండలో ద్వోరెక్ ధాన్యపు గాదెలు తెల్లగా మెరుస్తున్నాయి. ఓడినప్పుడు కాన్సస్ నుంచి ఇల్లు ఇంత దగ్గరగా ఎలా ఉంటుందో ఆయనకు ఎన్నేళ్ళైనా అంతుపట్టలేదు. చాలాకాలం తర్వాత ఒళ్ళు తేలికగా అనిపించింది. అది అపరాధమని తోచి, వెంటనే ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన చేసిన పని గురించి ఎవరికీ చెప్పలేదు. ఒమహాకు ఫోను చేశాడు.

“అమ్మా, నేను మైలో వానెక్‌ని. మీవాడు మళ్ళీ తప్పాడు. వాడు మీకు చెప్పి ఉండడు. వచ్చే శనివారం కూడా వాడే తంతాడు. అది చెబుదామనే చేశాను.”

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మౌనాన్ని పంచినవాడికి మౌనం తిరిగి అందడం అదే ప్రథమం. తర్వాత ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలు మాట్లాడింది. కొడుకు రెండో తరగతిలో గ్యారేజీ తలుపు మీద తన్నిన బంతుల గురించి, తండ్రి లేని ఇంటి గురించి, ఆ ఉత్తరం రాయడానికి పట్టిన మూడు రోజుల గురించి. వానెక్ మధ్యలో ఒక్క మాట అనలేదు. అది ఆయనకు బాగా సాధనలో ఉన్న విద్య.

సోమవారం డాక్టర్ ఎంబ్రీ ఆయన గదికి వచ్చింది. ఆయన స్వయంగా కాఫీ పోశాడు. ఓడిపోయిన రాజ్యాల రాయబారాల్లో కూడా ఈ మాత్రం మర్యాద ఉంటుంది.

తాను పద్నాలుగో వరుసలోంచి చూసింది ఆమె చెప్పింది. బయల్దేరిన గంటకు చిట్టచివరి వరుసలోంచి ఒక కొలాచీల, అంటే నడుమ జాము పెట్టిన చెక్ బన్నుల, పొట్లం బయల్దేరింది. కాగితం చప్పుడు కాకుండా దాన్ని తువ్వాలులో చుట్టారు. చేతినుంచి చేతికి, వరుసనుంచి వరుసకు, పసిపిల్లను అందించినట్టు అందించుకుంటూ ఈస్టన్ ఒళ్ళో పెట్టారు. నేరేడుపండు రంగు జామున్నవి ఎవరికీ ఇష్టం లేకపోయినా దారిలో అవే తీసుకుని, ఆప్రికాట్ జామున్నవి అందరూ వాడి కోసమే వదిలిపెట్టారట. వాడి పక్కన కూర్చున్న డిమార్కస్ పూల్, మూడువందల పౌన్ల పర్వతం, దారి పొడుగునా తన భుజాన్ని కదల్చకుండా ఉంచాడు. పిల్లవాడు దాని మీద తల ఆనించి ఏడ్చాడు, తర్వాత తిన్నాడు, తర్వాత కిటికీలోంచి చూశాడు. ఇదంతా మాట లేకుండా జరిగింది. తన ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళుగా ఎన్నో ఓదార్పు సభలు జరిపిందట గాని, ఇంత తక్కువ చప్పుడుతో పని పూర్తయినది ఇదేనట.

“మీరు చూడలేదా?” అని అడిగింది.

“నేను ముందు కూర్చుంటాను. ఆటను మననం చేసుకుంటూ ఉంటాను.”

“అవును,” అన్నది డాక్టర్ ఎంబ్రీ, కాఫీ కప్పులోకి ఎంతో శ్రద్ధగా చూస్తూ. “గమనించాను.”

తర్వాత ఆమె అసలు ప్రశ్న అడిగింది: ఈ నియమం ఎందుకు పెట్టారు? శిక్షగానా?

ఈ ప్రశ్నకు వానెక్ దగ్గర పాత సమాధానం ఒకటి సిద్ధంగా ఉంది. బాధ్యత, పౌరుషం, ఓటమిని జీర్ణించుకోవడం వగైరా. విరాళాలిచ్చేవారి విందుల్లో అది బాగానే పలుకుతుంది. కాని ఆ ఉదయం ఆయనకు అది నోటికి రాలేదు. దాని స్థానంలో, బెర్నడైన్‌కు కూడా సగమే చెప్పిన ఒక సంగతి చెప్పాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు తానూ ఒక కాలేజీకి ఆడాడు. అవతలివాళ్ళ గోలు గీత మీద, చుట్టూ ఎవరూ లేకుండా, చేతుల్లోకి వచ్చిన బంతిని జారవిడిచాడు. తిరుగు ప్రయాణం నాలుగు గంటలు. మొదటి అరగంటలోనే తోటివాళ్ళు దాని మీద పాట కట్టారు. పదకొండు చరణాలు. ఐదో చరణం నుంచి కోచ్ కూడా గొంతు కలిపాడు.

“బాణీ మంచిదే. ఇప్పటికీ మొత్తం వచ్చు నాకు.”

“పాడతారా?”

“పాడను.” ఆమె కప్పులో ఇంకాస్త కాఫీ పోస్తూ వానెక్ మళ్ళీ అన్నాడు. “ఎవరూ నోరు విప్పకూడదంటే, పోనీలేరా అనేవాడూ ఉండడు, పాట కట్టేవాడూ ఉండడు. బస్సులో ఎప్పుడైనా రెండోరకం వాళ్ళే ఎక్కువమంది, మేడమ్. ఆ తల్లి రాసింది తప్పని నేననను. నా లెక్క అది, అంతే.”

డాక్టర్ ఎంబ్రీ పుస్తకం తెరవలేదు. ఒక్క పని మిగిలిందన్నది. కుర్రాళ్ళందరికీ పేరు రాయనవసరం లేని చీటీలు పంచి అడుగుతుంది. వాళ్ళు వద్దంటే వద్దు. అది న్యాయమే. న్యాయమైనది కాబట్టే వానెక్‌కు ఆ మూడు రోజులూ సూపు సహించలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన వాళ్ళ చేత చాలా పనులు చేయించాడు. ఇష్టమా అని మాత్రం ఎన్నడూ అడగలేదు.

గురువారం సాయంత్రం నివేదిక వచ్చింది. ఎనిమిది పేజీలు, తర్వాత అనుబంధం. వంటింటి బల్ల దగ్గర నిలబడే మొదటి పేజీ చదివి ఆయన కూర్చున్నాడు. కోట నిలబడింది. మౌనం కొనసాగవచ్చు. సవరణలు రెండే: తప్పు చేసినవాడు తన పక్కన ఎవరు కూర్చోవాలో తానే ఎన్నుకోవచ్చు; తువ్వాలులో చుట్టిన ఆహారానికి అనుమతి ఉంది. నివేదిక ఆ ఆచారానికి ‘సామూహిక మౌన పునరుద్ధరణ’ అనే బిరుదు కూడా ప్రసాదించింది. ఆ మాట దగ్గర ఆయన పంటినొప్పి వచ్చినవాడిలా ముఖం పెట్టాడు గాని, ఇంత విజయంలో ఆ మాత్రం కప్పం కట్టవచ్చునని సరిపెట్టుకున్నాడు. చేను తప్పింది. సున్నపు గీత మిగిలింది. గిన్నె ముందుకు జరిపి, రెండోసారి పోయమన్నాడు.

బెర్నడైన్ సూపు పోసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆయన వదిలేసిన అనుబంధం అందుకున్నది. నలభై ఎనిమిది చీటీల సారాంశం. ఈ నియమం ఉండాలా అన్న ప్రశ్నకు నలభై ఆరుగురు ఉండాలన్నారు. ఒకడు అక్కర్లేదన్నాడు. ఒకడు కాళ్ళు చాపుకోవడానికి జాగా చాలడం లేదని రాశాడు.

వానెక్ చెంచా కింద పెట్టాడు. ఈ కాలం పిల్లల గురించి లోకం ఏమేమో అంటుంది గాని, చెప్పకుండానే అర్థం చేసుకునే గుణం వాళ్ళలో చెక్కుచెదరలేదని బెర్నడైన్‌కు ఒక చిన్న ఉపన్యాసమిచ్చాడు. క్రమశిక్షణ అనే మాట మూడుసార్లు వచ్చింది, కరుణ అనే మాట ఒకసారి, అదీ తక్కువ గొంతుతో. గురువులందరికీ బతికుండగా ఈ రోజు రాదు, అన్నాడు.

“ఎందుకుండాలో కూడా రాశారు,” అన్నది బెర్నడైన్, పేజీ తిప్పి. “నలభై ఒక్కమంది ఒకటే కారణం రాశారు.”

“చదువు,” అన్నాడు వానెక్, నిటారుగా కూర్చుని.

ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివింది.

“‘మాట్లాడితే కోచ్‌కి మెలకువ వచ్చేస్తుంది.’”